మఖానా, బొరుగులు, చెనక్కాయలు: పిల్లలకు ఉత్తరం

అనంతపురం

పిల్లలూ,

"తాతా, ఒంటికి మంచివని చెప్పేవన్నీ ఇంత సప్పగా ఎందుకుంటాయి?" అని మా చిన్న మనవరాలు అడిగింది. ఊరికే అడగలేదు, తిని చూసే అడిగింది. సెలవులకు బెంగళూరు నుంచి వస్తూ వాళ్లమ్మ మఖానా అనే కలువ గింజల పేలాలు, రాగి చిప్స్, జొన్న పఫ్స్, ఖర్జూరం బార్లు, ఏవేవో గింజలు కలిపిన బిస్కెట్లు సంచి నిండా తెచ్చింది. ఇప్పుడు చాలా ఇళ్లలో ఇవే కనబడుతున్నాయి కాబట్టి నాకు తోచింది మీ అందరికీ రాస్తున్నా.

ముందు నోటి సంగతి. నోరంటే మన అనంతపురం బస్టాండు అనుకోండి. ఉప్పు, చక్కెర, ప్యాకెట్ల మీద చల్లే మసాలా, ఇవన్నీ నాన్‌స్టాప్ బస్సులు. ఇట్లా వస్తాయి, అట్లా పోతాయి. రెండుసార్లు నమిలేలోపు రుచంతా దిగిపోయి స్టాండు ఖాళీ అవుతుంది, అందుకే చెయ్యి మళ్లీ ప్యాకెట్లోకి పోతుంది. చెనక్కాయ, జొన్న, కొర్ర, సజ్జ మాత్రం కళ్యాణదుర్గం పోయే పల్లెవెలుగు లాంటివి, ప్రతి స్టాపులోనూ ఆగుతూ నిదానంగా వస్తాయి. మొదటి నాలుగు నమళ్లలో ఏమీ తెలియదు. ఇంకో పది నమిలితే కమ్మదనం, ఆ తర్వాత సన్నటి తీపి, సజ్జలో అయితే మింగాక కొంచెం వగరు. లాలాజలమే టికెట్ అనుకోండి, అందులో కరగనిది ఎంత గొప్ప రుచైనా నాలుకకు తెలియదు. ముక్కేమో కండక్టరు. నమిలేటప్పుడు వాసన గొంతు వెనకనుంచి పైకెక్కి ముక్కుకు తగిలితేనే అది చెనక్కాయో జీడిపప్పో మనకు తెలిసేది. నమ్మకం లేకపోతే ముక్కు గట్టిగా మూసుకుని వేయించిన చెనక్కాయ గింజలు నమలండి, ఉప్పుంటే ఉప్పు తెలుస్తుంది తప్ప ఇంకేం తెలియదు. నమిలే మధ్యలో ముక్కు వదిలేయండి. కండక్టరు బస్సెక్కి అందరి పేర్లూ ఒక్కసారి పిలిచినట్టు ఉంటుంది!

అందుకే పాప మఖానా సప్పగా ఉందనడం సరైన మాటే, అది జనం లేకుండా వచ్చిన బస్సు. తేలిగ్గా, కరకరమంటూ ఉంటుంది కానీ దానికంటూ సొంత వాసన చాలా తక్కువ, నెయ్యీ మిరియాలూ మనం ఎక్కించాల్సిందే. అట్లని చిన్నచూపు చూడొద్దు. బీహార్‌లోని మిథిల ప్రాంతంలో ముళ్ల ఆకులుండే ఒక రకం కలువ మొక్కకు కాసే గింజ అది. మాగిన గింజలు చెరువు అడుగుకు చేరితే మనుషులు నీళ్లలో దిగి బురదలోంచి ఏరతారు. ఎండబెట్టి, ఇనుప మూకుడులో వేయించి, కొన్నాళ్లు అట్లే ఉంచి, మళ్లీ వేయించి, వేడి మీదే కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే నల్లటి చిప్ప పగిలి తెల్లటి పువ్వు బయటికొస్తుంది. మిథిలా మఖానాకు 2022లో భౌగోళిక గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చే జీఐ గుర్తింపు, కూడా వచ్చింది. అంత కష్టంతో వచ్చిన తిండిని టీవీ చూస్తూ గుప్పిళ్లతో నోట్లో పోసుకోకండి, ఒక్కొక్కటిగా తినండి.

రాగి చిప్స్ మీ అందరికీ నచ్చుతాయి, మా పిల్లలకూ అవే నచ్చాయి. నాకు మాత్రం మసాలా తప్ప రాగి తెలియలేదు. ప్యాకెట్ తిప్పి చూస్తే దినుసుల్లో మొదట బియ్యప్పిండి, తర్వాత మొక్కజొన్న, తర్వాత నూనె, ఆ తర్వాతెక్కడో రాగి. మన దేశంలో ఎక్కువ బరువున్న దినుసును ముందు, తక్కువదాన్ని వెనక రాయాలని రూలుంది. కాబట్టి ముందువైపు బొమ్మ చూసి సంబరపడకుండా వెనకవైపు మొదటి మూడు పేర్లు చదవడం నేర్చుకోండి, మీకు చదువొచ్చినందుకు అదీ ఒక లాభం. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, మంచి పనే. రాగిలో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములు దాటి కాల్షియం ఉంటుంది, తెల్లబియ్యంలో పది దరిదాపు. కానీ అది కావాలంటే ప్యాకెట్లో రాగి ఉండాలి కదా. ఖర్జూరం బారు బాగుంది, ఒకటి చాలు, ఖర్జూరంలో ఉండేదీ చక్కెరే. బిస్కెట్ల గురించి చెప్పడానికేం లేదు.

ఇక చెనక్కాయ. ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే ఈ నేలలో మమ్మల్ని పెంచిన పంట అది. చెట్లు పీకే రోజుల్లో బడి వదలగానే చేను మీదికి పరిగెత్తేవాళ్లం. అప్పుడే పీకిన చెట్లను కాయలతో సహా కుప్పవేసి, ఎండాకులూ పుల్లలూ పేర్చి అంటించేవాళ్లం. మంట ఆరాక వేడి బూడిదలో కట్టెతో కెలికి కాయలు ఏరుకోవాలి. పైపొట్టు నల్లగా మాడి ఉండేది, నొక్కితే పొగ వాసనతో పాటు రెండు చుక్కల నీళ్లు కూడా వచ్చేవి. గింజ సగం కాలి, సగం ఉడికి ఉండేది, దాని ఎర్రపొర వేళ్లకు అంటుకునేది. మూతులు నల్లగా చేసుకుని ఇంటికి పోతే మా అవ్వ తిట్టకుండా కాస్త బెల్లం ముక్క చేతిలో పెట్టేది, కాల్చిన కాయ మీద బెల్లం పడితే పైత్యం చేయదని ఆమె నమ్మకం. నూరు గ్రాముల చెనక్కాయ పప్పులో పాతిక గ్రాముల దాకా ప్రోటీన్ ఉంటుంది, మఖానాలో పది కూడా కష్టం. ధర చూస్తే మఖానా డబ్బులకు మన చెనక్కాయలు కిలోల లెక్కన వస్తాయి. ఒక్క జాగ్రత్త, చేదు తగిలిన గింజను మొహమాటపడి మింగొద్దు, ఉమ్మేయండి, అది బూజు పట్టింది కావచ్చు. నోరున్నది రుచి చూడటానికే కాదు, కాపలాకు కూడా.

బొరుగులనేమో నేను పొగడను. అవి ఉబ్బిన బియ్యమే, వాటిలో బలం తక్కువ. ఎర్రగడ్డ, పచ్చిమిరప, వేయించిన చెనక్కాయలు కలిపితేనో, ఉగ్గానిలో పప్పుల పొడి వేస్తేనో వాటికి విలువొస్తుంది. కానీ అవి తయారవడం చూడకుండా పెద్దవాళ్లు కాకండి. ఇంట్లో ఎవరినైనా వెంటబెట్టుకుని బొరుగుల బట్టీకి పొండి. బాగా కాగిన ఇసుకలో ఉప్పునీళ్లు పట్టించిన బియ్యం పోయగానే, గింజలో దాగిన కాస్త తేమ ఆవిరై లోపలినుంచి తోస్తుంది, కళ్లు మూసి తెరిచేలోగా గింజ తనకు నాలుగైదింతలవుతుంది. ఎందుకు అంత ఉబ్బుతుంది, ఎందుకు పగిలి ముక్కలైపోదు అని ఇంత వయసొచ్చినా అక్కడ నిలబడితే నాకు ఆశ్చర్యమే. మిగతాది మీ సైన్సు మాస్టారు చెబుతారు.

అక్కడ వేడి బొరుగులు గుప్పెడు అడగండి. ఏమీ కలపకుండా కొంచెం నోట్లో వేసుకుని, మింగకుండా నెమ్మదిగా నమలండి. ఉప్పు పోయాక మెల్లగా తీపి మొదలవుతుంది, లాలాజలం బియ్యంలోని పిండిని చక్కెరగా మారుస్తుంది కాబట్టి. ఎన్ని నమళ్లకు తీపి తెలిసిందో లెక్కపెట్టి నాకు రాయండి.

మీ తాత