కంట్లో వేసిన చుక్క కంట్లోనే ఆగదు

"కంటి చుక్కలేగా, ఒకటి ఎక్కువ పడితే ఏమవుతుంది?" పిల్లలకు కనుపాప పెద్దదయ్యే మందు రాసిన ప్రతిసారీ వినపడే మాట ఇది. అసలు ముప్పు ఈ మాటలోనే ఉంది.

అలాంటి మందుల్లో ఒకటి అట్రోపిన్. 1 శాతం అట్రోపిన్ చుక్క ఒకటి దాదాపు 0.05 మిల్లీలీటరు. అందులో మందు 0.5 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు అత్యవసరంగా ఇంజెక్షన్ ఇచ్చే మోతాదు 0.2 మిల్లీగ్రాములే! చుక్కంతా రక్తంలో కలవదు, నిజమే. కానీ కన్నీటి నాళంలోంచి ముక్కులోకి జారిన మందును అక్కడి పొర పీల్చుకుంటుంది. మింగిన మందులా అది ముందు కాలేయం గుండా పోదు. రెండు కళ్లకూ వేస్తే రెట్టింపు. ఏడుపులో కారిపోయిందని మళ్లీ మళ్లీ వేస్తే ఇక లెక్కే ఉండదు.

కింది రెప్ప లాగి ఒక్క చుక్క వేయండి. కన్ను మూయించి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో 2 నిమిషాలు నొక్కి ఉంచండి. చెంపపై కారింది తుడిచేసి, చేతులు కడుక్కోండి.

ముఖం ఎర్రబడి, నోరెండి, చెమట లేకుండా ఒళ్లు కాలితే "జలుబు జ్వరం" అని తర్వాతి చుక్క వేసేస్తారు. వేయకండి. చెమట ఆగడం వల్ల వచ్చిన వేడి అది, పారాసిటమాల్‌కు పెద్దగా లొంగదు. గోరువెచ్చని నీటితో ఒళ్లు తుడుస్తూ డాక్టరుకు ఫోన్ చేయండి. కనుపాపను పెద్దది చేసే మరో మందు సైక్లోపెంటోలేట్. అది ఒంట్లోకి ఎక్కువగా చేరితే తరచు 20 నుంచి 60 నిమిషాల్లో తూలడం, పొంతన లేని మాటలు, లేనివి కనపడటం మొదలవుతాయి. చూసేవాళ్లకు గుండె జారిపోతుంది గానీ, సాధారణంగా కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. ఫిట్స్ వచ్చినా, లేపినా లేవకపోయినా మాత్రం సీసా చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దీన్ని "అలర్జీ" అనేస్తారు. కాదు, మందు ఒంట్లోకి ఎక్కువగా చేరడం. అలర్జీ అయితే రెప్పలు వాచి దురద పెడతాయి.

"చూపు పోతుంది" అన్నది ఉత్త పుకారు. దగ్గరి చూపు మసకేస్తుంది, వెలుతురు గుచ్చుకుంటుంది. సైక్లోపెంటోలేట్‌తో ఒక రోజు, అట్రోపిన్‌తో వారం నుంచి రెండు వారాలు. ఈ భయంతో చుక్కలే వద్దంటే, కంటి పరీక్షలో పిల్లలు కంటి కండరం బిగించి ప్లస్ పవర్‌ను దాచేస్తారు, అద్దాలు తప్పుగా వస్తాయి.

నెలలు నిండకుండా పుట్టారా, ఫిట్స్, గుండె జబ్బు, డౌన్ సిండ్రోమ్ ఉన్నాయా అన్నది చుక్క పడకముందే చెప్పండి. ఏడాది లోపు వాళ్లకు సైక్లోపెంటోలేట్ 0.5 శాతానికి మించకూడదు, కనుపాపను పెద్దది చేసే ఇంకో మందు ఫినైలెఫ్రిన్ 10 శాతం పిల్లలకు అసలే వద్దు.