తేలే ట్యాబ్లెట్లు: బీకరును నమ్మితే ఎలా?

ఫార్ములేషన్‌లోకి (మందును బిళ్లగా రూపొందించే పనిలోకి) కొత్తగా వచ్చినవాళ్లు ఫ్లోటింగ్ ట్యాబ్లెట్ (కడుపులోని ద్రవం మీద తేలుతూ మందును కొంచెం కొంచెంగా వదిలే బిళ్ల) అనగానే తేలిందా లేదా అనే చూస్తారు. నేనూ అలాగే చూసేవాణ్ణి. తేల్చడం పెద్ద పనేం కాదు, అసలు తిప్పలన్నీ ఆ తర్వాతే.

అపోహ: బీకరులో 24 గంటలు తేలితే కడుపులోనూ అంతసేపు ఉంటుంది.

ఉండదండీ. పరీక్ష చేసే బీకరులో 900 మి.లీ. పలుచని ఆమ్లం ఉంటుంది, ప్యాడిల్ (కలిపే తెడ్డు) నిదానంగా తిరుగుతుంది. పరగడుపున కడుపులో ఉండే ద్రవం చాలా కొద్ది. పైగా సుమారు గంటన్నర, రెండు గంటలకోసారి ఖాళీ కడుపు తనను తాను ఊడ్చుకుంటుంది, ఆ అలలో మిగిలినవన్నీ పైలోరస్ (కడుపు నుంచి పేగులోకి తెరుచుకునే ద్వారం) దాటి పేగులోకి పోతాయి, మన బిళ్లతో సహా. తిన్నాక ఈ ఊడ్పు కొన్ని గంటలు ఆగుతుంది, తేలడానికి ద్రవమూ ఉంటుంది. ఇలాంటి మందు మీద 'భోజనం తర్వాత' అని ఉంటే అది డిజైన్‌లో భాగమే. వేసుకున్న వెంటనే పడుకుంటే తేలే బిళ్ల పైలోరస్ వైపు జారే అవకాశం కూడా ఉంది.

అపోహ: బైకార్బనేట్ ఎంత వేస్తే అంత మంచిది.

ఆమ్లంలో పడగానే బిళ్ల మునుగుతుంది. బైకార్బనేట్ ఆమ్లంతో కలిసి గ్యాస్ వదులుతుంది, అంచుల వెంట సన్నటి బుడగలు మొదలవుతాయి, ఈలోపు హెచ్‌పీఎంసీ (తడిస్తే ఉబ్బి జిగురయ్యే పాలిమర్) తడిసి చుట్టూ జిగురు పొర కడుతుంది, బుడగలు ఆ పొరలో చిక్కుకుంటేనే బిళ్ల ఒక పక్కకి ఒరిగి, ఊగుతూ పైకి లేస్తుంది. బైకార్బనేట్ ఎక్కువైతే త్వరగానే లేస్తుంది, కానీ గ్యాస్ పొరను చీల్చుకుని వచ్చేసి, 12 గంటలు రావాల్సిన మందు చాలా ముందే అయిపోవచ్చు. గ్యాస్‌తో కడుపు ఉబ్బుతుందని కొందరికి టెన్షన్. 100 మి.గ్రా. బైకార్బనేట్ మొత్తం కరిగినా వచ్చేది సుమారు 30 మి.లీ., ఒక గుక్క కూల్‌డ్రింక్‌లో ఉండేంత.

అపోహ: గట్టిగా నొక్కితే మందు నెమ్మదిగా వస్తుంది.

ఇక్కడ నేనే దెబ్బతిన్నాను. ఫ్రయబిలిటీ (బిళ్ల రాపిడికి పొడిగా రాలుతుందా అని చూసే పరీక్ష) ఫెయిలవుతోందని కంప్రెషన్ ఫోర్స్ (బిళ్లను నొక్కే బలం) పెంచేశాను, మర్నాడు చూస్తే 40 సెకన్లలో లేచే బిళ్లలు పది నిమిషాలైనా అడుగునే కూర్చున్నాయి. నొక్కేకొద్దీ లోపలి గాలి సందులు మూసుకుపోతాయి, సాంద్రత పెరుగుతుంది, ఆమ్లం లోపలికి చేరడమూ ఆలస్యమే. ఇలాంటి బిళ్లలో విడుదలను ముఖ్యంగా నడిపేది పాలిమర్ గ్రేడూ, దాని మోతాదూ.

అపోహ: ఏ మందునైనా ఇలా చేయొచ్చు.

లెవోడోపా లాగా చిన్న పేగు పై భాగంలోనే ఎక్కువగా ఒంటబట్టే మందుకైతే అర్థముంది, దానికి మాడోపార్ హెచ్‌బీఎస్ అనే తేలే క్యాప్సూల్ కూడా వచ్చింది. కడుపును గాయపరిచే నొప్పి మాత్రలకు ఇది చెడ్డ ఆలోచన, ఆమ్లంలో పాడయ్యే ఒమెప్రజోల్‌కి అసలే కుదరదు. పేగంతా పీల్చుకునే మందుకైతే మామూలు ఎస్ఆర్ (మందును నెమ్మదిగా వదిలే) బిళ్ల చాలు, ఇంత హంగామా ఎందుకు?

అపోహ: నమిలి మింగినా ఒకటే.

నమిలితే పొర కట్టడానికి బిళ్లంటూ మిగలదు. రోజంతా కొంచెం కొంచెంగా రావాల్సిన మందు ఒక్కసారే దిగిపోతుంది.