గుర్రపు గిట్టలు, లాడాలు: నేను తరచుగా వినే అపోహలు, నాకు తెలిసిన వాస్తవాలు

గుర్రాలకు లాడాలు కొట్టే మమ్మల్ని హైదరాబాదులో నాల్‌బందులంటారు. మలక్‌పేట పందెపు గుర్రాల లాయాల్లోనూ, స్వారీ నేర్పే శాలల్లోనూ, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను తిప్పేవారి వద్దనూ చాలా ఏళ్లుగా పని చేస్తున్న నాకు, యజమాని ధనికుడైనా పేదవాడైనా అవే పొరపాటు అభిప్రాయాలు ఎదురవుతున్నాయి. వాటిలో ఎక్కువ భాగం గిట్ట పెరిగే వేగం తెలియకపోవడం వల్ల పుట్టినవే. గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ పెరుగుతుంది. కాబట్టి పైన వెంట్రుకల అంచు దగ్గర మొలిచిన కొమ్ము, అంటే గిట్ట గోడగా మారే గట్టి పదార్థం, గిట్ట ముందు కొనకు చేరడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. ఈరోజు మీరు చూస్తున్న కొన నిరుడు ఆ గుర్రం తిన్న తిండిని, పడిన జబ్బును చూపుతోందన్నమాట.

అపోహ: మేకులు దిగేటప్పుడు గుర్రానికి నొప్పి పుడుతుంది.

వాస్తవం: సరిగా కొడితే పుట్టదు. గిట్ట వెలుపలి గోడ మన గోళ్లలాగే కెరటిన్‌తో తయారవుతుంది. అందులో నరాలు, రక్తనాళాలు ఉండవు. అయితే ఆ గోడ లోపలి ముఖం మీద సుమారు 600 పలుచని పొరలు నిలువుగా బారులు తీరి, లోపలి ఎముకను కప్పిన సజీవమైన పొరలతో పెనవేసుకుని ఉంటాయి. గుర్రం బరువంతా ఆ పట్టు మీదే వేలాడుతుంది. గిట్టను ఎత్తి అడుగున చూస్తే గోడకూ అరికాలికీ మధ్య లేత రంగు గీత ఒకటి కనిపిస్తుంది. ఆ గీతకు వెలుపల మేకు దిగితే క్షేమం, లోపలికి జరిగితే గాయం. అందుకే లాడం మేకు మొనను ఒక పక్క ఏటవాలుగా చెక్కుతారు. ఆ వాలు లోపలి వైపుకు ఉండేలా పట్టి కొడితే మేకు బయటికి వంగుతూ, లాడానికి సుమారు రెండు సెంటీమీటర్ల పైన గోడలోంచి బయటపడుతుంది. గట్టి కొమ్ములో దిగే మేకు మీద సుత్తి ఖంగున మోగుతుంది. మోత మెత్తబడితే ఆ మేకును వెంటనే పీకేయాలి.

ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. పని నేర్చుకున్న తొలి రోజుల్లో, ఊరేగింపుకు వేళవుతోందన్న తొందరలో ఒక ఆడగుర్రానికి మేకును లేత గీతకు మరీ దగ్గరగా కొట్టాను. అది కాలు లాక్కోలేదు, బెదరలేదు. మూడో రోజుకు ఆ కాలు నేల మీద ఆనించలేకపోయింది. మేకు లోపలి పొరలను తాకకపోయినా పక్కనుంచి ఒత్తుతూ ఉంటే బాధ ఇలా ఆలస్యంగానే బయటపడుతుంది. లాడం ఊడదీశాం, పశువైద్యుడు శుభ్రం చేసి ధనుర్వాతం టీకా వేశారు, రెండు వారాలు విశ్రాంతి ఇచ్చాం. ఆనాటి నుంచి లాడం కొట్టిన మరునాడు వెళ్లి ప్రతి గిట్టనూ అరచేత్తో తాకి వేడి చూడకుండా నేను ఏ పనీ పూర్తయిందనుకోను.

అపోహ: మేకులు ఎన్ని ఎక్కువైతే పట్టు అంత గట్టి.

వాస్తవం: సాధారణంగా ఆరు, మహా అయితే ఎనిమిది చాలు. కాలు నేల మీద మోపినప్పుడల్లా గిట్ట మడమ భాగం కొద్దిగా విచ్చుకుంటుంది, ఎత్తినప్పుడు ముడుచుకుంటుంది. ఆ కదలిక అదురును తగ్గించి, రక్తం పైకి తిరిగి వెళ్లడానికి తోడ్పడుతుంది. గిట్ట అత్యంత వెడల్పుగా ఉండే చోటు దాటి వెనక్కి మేకులు కొడితే ఈ విచ్చుకోవడాన్ని బిగించేసినట్లే.

అపోహ: ఇనుము అరగనంతకాలం లాడం మార్చనక్కర లేదు.

వాస్తవం: లాడం పెరగదు, దాని పైన గిట్ట పెరుగుతుంది. ఆరు వారాలు దాటితే ముందు కొన పొడుగై లాడం ముందుకు జరుగుతుంది, దాని వెనక అంచు మడమ దగ్గర అరికాలిని నొక్కి కమిలిస్తుంది, కాలి వెనక నరాల్లాగా గట్టిగా తగిలే స్నాయువుల మీద లాగుడు పెరుగుతుంది. కనుక నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి లాడం తీసి, గిట్టను కత్తిరించి, ఆకురాయితో సమం చేయాలి. ఇనుము బాగుంటే అదే లాడాన్ని మళ్లీ బిగించవచ్చు, దానికి కొత్తదాని ఖర్చు కాదు. లాడం వేయని గుర్రానికైనా ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి ఈ కత్తిరింపు కావాలి. అడవి గుర్రాలకు ఎవరు కత్తిరిస్తున్నారని అడిగేవారికి నేను చెప్పేదొకటే: అవి రోజంతా రాళ్ల నేల మీద మైళ్లకొద్దీ నడిచి గిట్టలను తామే అరగదీసుకుంటాయి, మన గుర్రం లాయంలో మెత్తటి గడ్డి మీద నిలబడి ఉంటుంది.

ఇక్కడే ఇంకో విషయం చెప్పాలి. శనిదోషానికి ఉంగరం చేయించుకోవడానికో, గడపకు కొట్టడానికో నల్లగుర్రం నాడా కావాలని చాలామంది వస్తారు. వారి నమ్మకాన్ని నేను కాదనను, రోజులు నిండి ఊడదీసినదాన్ని సంతోషంగా ఇస్తాను. కానీ డబ్బు కోసం పది రోజులకే లాడం పీకి కొత్తది కొట్టమని అడిగే యజమానులున్నారు. గోడకు పడిన పాత మేకు రంధ్రాలు పెరిగి కత్తిరింపులో పోకముందే పక్కనే కొత్తవి పొడిస్తే ఆ గోడ పెచ్చులూడిపోతుంది. అటువంటి పని నేను చేయను.

అపోహ: తెల్ల గిట్ట బలహీనం, నల్ల గిట్ట ఉక్కు.

వాస్తవం: తేడా రంగులోనే. తెల్ల గిట్ట మీద మరక, చీలిక తొందరగా కంటపడతాయి, అంతే.

అపోహ: రోజూ నూనె రాస్తే గిట్ట గట్టిపడుతుంది.

వాస్తవం: గిట్టకు బలం లోపలి నుంచి, రక్తం ద్వారా వస్తుంది. పైన రాసిన నూనె మెరుపునిస్తుంది, మందంగా పూస్తే కొంత తేమను ఆపుతుంది. పెళుసు గిట్టలకు బయోటిన్ ఉపయోగపడుతుంది. రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. అయితే పైన మొలిచిన కొత్త కొమ్ము కిందికి దిగాలి కాబట్టి ఫలితం తొమ్మిది నెలలకు ముందు అడగకూడదు. రెండు నెలలకే పని చేయలేదని మానేసేవారే ఎక్కువ.

అపోహ: వానాకాలంలో గిట్టల కంపు మామూలే.

వాస్తవం: గిట్ట అడుగున మధ్యలో, మడమ వైపు వెడల్పై కొన వైపు సన్నబడే రబ్బరులాంటి ముక్కను ఫ్రాగ్ అంటారు. దాని పక్క గాడుల్లో నల్లటి జిగురు, కుళ్లిన వాసన ఉంటే అది గాలి తగలని చోట పెరిగే బాక్టీరియా పని, దాన్ని థ్రష్ అంటారు. మూత్రంతో తడిసిన వరిగడ్డిని రోజూ తీసి పొడిది పరిచి, రోజుకు రెండుసార్లు గిట్టలు గోకి శుభ్రం చేస్తే చాలావరకు రాదు. వచ్చినప్పుడు కుళ్లిన భాగం తీసి గాలి ఆడనివ్వాలి, అలా చేయకుండా పైపైన మందు పోస్తే లాభం లేదు.

అపోహ: గింజలు దండిగా పెడితే గుర్రం బలపడుతుంది, కాళ్లు పట్టేస్తే నడిపించాలి.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ రెండు అపోహలు కలిసి చేసే నష్టం. ఉలవలు మన గుర్రాలు తరతరాలుగా తింటున్న దాణాయే, లెక్క ప్రకారం పెడితే మంచిదే. కానీ మొక్కజొన్న, గోధుమ, పెళ్లి విందులో మిగిలిన అన్నం, రొట్టెలు ఒక్కసారిగా కడుపులో పడితే, అరగని పిండి పెద్దపేగుల్లోకి చేరి పులుస్తుంది, అక్కడి నుంచి విషాలు రక్తంలో కలుస్తాయి. ఆ దెబ్బ గిట్టలోని పొరల మీద పడుతుంది. నేను పైన చెప్పిన పట్టు సడలి, లోపలి ఎముక తిరిగిపోవచ్చు, అరికాలిని చీల్చుకుని బయటికి కూడా రావచ్చు. ఈ జబ్బును లామినైటిస్ అంటారు. గుర్రం ముందుకాళ్లను ముందుకు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది. మలుపు తిరగడానికి ఇష్టపడదు. గిట్టలు వేడిగా ఉంటాయి. గిట్టకు పైన వెనక వైపు వేళ్లుంచితే నాడి గట్టిగా కొట్టుకుంటుంది. కడుపునొప్పి వచ్చిన గుర్రాన్ని నడిపించే అలవాటుతో దీన్ని కూడా నడిపిస్తారు. ఒక్కో అడుగూ ఊడుతున్న పొరలను ఇంకా చించుతుంది. దాణా ఆపండి, మెత్తగా మందంగా పరవండి, కాళ్లను మంచునీళ్లలో ఉంచండి, ఆ గంటలోనే పశువైద్యుడిని పిలవండి. నాల్‌బంద్ పని ఆ తర్వాత, వైద్యుడు తీయించిన ఎక్స్‌రే చూసి మొదలవుతుంది.

అపోహ: దారిలో మేకు గుచ్చుకుంటే చూసిన వెంటనే పీకాలి.

వాస్తవం: గుర్రం కదలకుండా నిలబడగలిగితే, వైద్యుడు తొందరగా రాగలిగితే, దాన్ని అలాగే ఉంచడం మేలు. ఫ్రాగ్ మధ్యభాగంలో దిగిన మేకు లోపలి కీలును, స్నాయువు తొడుగును చేరి ఉండవచ్చు. అది ఎంత లోతుకు, ఏ దిశలో వెళ్లిందో మేకు ఉండగా తీసిన ఎక్స్‌రే చూపుతుంది, పీకేస్తే రంధ్రం మూసుకుపోయి ఆ దారి దొరకదు. మేకు ఇంకా లోపలికి దిగేలా ఉంటే మాత్రం తీసేయక తప్పదు. అప్పుడు ముందుగా ఫోటో తీసి, మేకు దిగిన చోట రంగుతో గుర్తుపెట్టి, తీసిన మేకును పారేయకుండా వైద్యుడికి చూపించండి. గుర్రాలకు ధనుర్వాతం చాలా సులభంగా సోకుతుంది కాబట్టి టీకా ఎప్పుడు వేయించారో రాసిన కాగితం కూడా చేతిలో ఉంచుకోండి.