ఆన్‌లైన్ గేమ్ రద్దయినప్పుడల్లా వినిపించే అపోహలు, సర్వర్ల వైపు నుంచి చూస్తే వాస్తవాలు

2025 జులైలో మైక్రోసాఫ్ట్ దాదాపు 9,000 ఉద్యోగాలు తీసేసింది. ఆ కోతలో 'బ్లాక్‌బర్డ్' అనే గేమ్ కూడా పోయింది. అది స్టూడియో లోపల వాడుకున్న పేరు. 'ది ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్' చేసిన జెనిమాక్స్ ఆన్‌లైన్ స్టూడియోస్‌లో 2018 నుంచి తయారవుతూ వచ్చిన ఎంఎంఓ అది. ఎంఎంఓ అంటే వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే గేమ్. రద్దుతోపాటే స్టూడియో అధిపతి మాట్ ఫైరర్ కూడా బయటికి వెళ్లిపోయారు.

నేను ఇలాంటి గేమ్‌లకు సర్వర్ వైపు పనిచేస్తాను. రద్దు వార్త వచ్చిన ప్రతిసారీ అవే మాటలు మళ్లీ తిరుగుతాయి. వాటిలో కొన్ని సగం నిజాలు, అందుకే వాటితో వాదించడం కష్టం. ఒక్కొక్కటే చూద్దాం.

అపోహ: రద్దు చేశారంటే గేమ్ బాగా రాలేదనే.

వాస్తవం: కొన్నిసార్లు నిజంగా అంతే. బ్లిజార్డ్ 'టైటన్' అనే ఎంఎంఓ మీద ఏళ్ల తరబడి పనిచేసి, 2014 సెప్టెంబర్‌లో ఆపేశామని ప్రకటించింది. అందులో తమకు సరదా దొరకలేదని కంపెనీ అధిపతి మైక్ మోర్‌హైమ్ దాపరికం లేకుండా చెప్పారు.

కానీ నాటీ డాగ్ అనే స్టూడియో సంగతి వేరు. 2023 డిసెంబర్‌లో 'ది లాస్ట్ ఆఫ్ అస్ ఆన్‌లైన్'ను ఆపినప్పుడు వాళ్లు చెప్పిన కారణం గేమ్ నాణ్యత కాదు. దాన్ని విడుదల చేస్తే, తర్వాత ఏళ్ల తరబడి కొత్త కంటెంట్ ఇస్తూ పోవడానికి స్టూడియో మొత్తం దాని మీదే కూర్చోవాలి. అప్పుడు వాళ్లకు పేరు తెచ్చిన సింగిల్ ప్లేయర్ గేమ్‌లు దెబ్బతింటాయి. ఇలాంటి ప్రకటనల్లో సగం మాటలు ముఖం కాపాడుకోవడానికే ఉంటాయి, కానీ ఈ ఒక్క మాటను నేను పూర్తిగా నమ్ముతాను. ఆన్‌లైన్ గేమ్‌కి విడుదల పెళ్లిలాంటిది, అసలు ఖర్చంతా కాపురంలో ఉంటుంది. రాత్రీపగలూ సర్వర్లు చూసుకునేవాళ్లు, చీటింగ్‌ని పట్టేవాళ్లు, ఫిర్యాదులకు జవాబిచ్చేవాళ్లు, చాట్‌లో బూతులూ బెదిరింపులూ ఆపేవాళ్లు, వీళ్లందరి పక్కన తర్వాతి అప్‌డేట్ తయారుచేసే ఇంకో టీమ్. ఒక టీమ్ ఆర్నెల్లు చెమటోడ్చిన కంటెంట్‌ను ఊపుమీదున్న ప్లేయర్లు వారం పదిరోజుల్లో ముగించేసి "తర్వాతేంటి?" అంటారు. నేను చూసినంతలో రద్దు గురించి జరిగే చర్చ ఎక్కువగా ఈ తర్వాతి అయిదేళ్ల గురించే, ఇప్పుడు చేతిలో ఉన్న బిల్డ్ (అప్పటిదాకా తయారైన గేమ్) గురించి తక్కువ.

అపోహ: ఇన్నేళ్లు ఖర్చుపెట్టి ఆపేయడం తెలివితక్కువ. ఇంకో ఏడాది ఓపిక పడితే పూర్తయిపోయేది.

వాస్తవం: పెట్టిన డబ్బు ఆపినా రాదు, ఆపకపోయినా రాదు. ఇక్కడి నుంచి పెట్టబోయేది తిరిగొస్తుందా అన్నదే లెక్క. పైగా "పూర్తవడం" అనే మాటకు ఎంఎంఓలో అర్థం చాలా తక్కువ.

దీనికి ఎదురు ఉదాహరణగా అందరూ 'ఫైనల్ ఫాంటసీ 14'ను చూపిస్తారు. 2010లో వచ్చి ఘోరంగా దెబ్బతిన్న గేమ్‌ను నవోకి యోషిదా అనే కొత్త డైరెక్టర్ చేతిలో పెట్టి, పాతదాన్ని 2012లో మూసేసి, 2013 ఆగస్టులో కొత్తగా తెచ్చారు. అది నిలబడింది. అయితే దాని వెనక ఉన్నది స్క్వేర్ ఎనిక్స్ లాంటి పెద్ద కంపెనీ, పణంగా పెట్టింది వాళ్లకున్న అతిపెద్ద పేరు. అదే ధైర్యం అందరి దగ్గరా ఉండదు. 2019లో వచ్చిన 'ఆంథమ్' అనే ఆన్‌లైన్ గేమ్‌ను కూడా ఇలాగే తిరగరాస్తామని దాన్ని చేసినవాళ్లు అన్నారు. 2021 ఫిబ్రవరిలో ఆ పని ఆపేశారు, 2026 జనవరిలో సర్వర్లే ఆగిపోయాయి.

అపోహ: సర్వర్లదేముంది? క్లౌడ్ (అద్దెకు దొరికే కంప్యూటర్లు) వచ్చాక ఎన్ని కావాలంటే అన్ని పెంచుకోవచ్చు.

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించే మాట ఇదే. కొంచెం లెక్క వేసుకుందాం.

ఒక మైదానంలో 50 మంది ప్లేయర్లు ఉన్నారు. ఒక్కొక్కరు కదిలిన సంగతి మిగతా 49 మందికీ తెలియాలి. అంటే ఒక్క విడతకు 2,450 సమాచారాలు. అదే 500 మంది ఒకచోట చేరితే 2,49,500. మనుషులు పది రెట్లు పెరిగితే పని వంద రెట్లు పెరిగింది. సర్వర్ సెకనుకు 20 సార్లు లోకాన్ని లెక్కిస్తుందనుకుంటే, సెకనుకు దాదాపు 50 లక్షలు. ఇంకో వంద మెషీన్లు కొన్నా ఇది తేలిగ్గా పంచుకునే పని కాదు, ఎందుకంటే ఆ 500 మందీ ఒకరినొకరు కొట్టుకుంటున్నారు. ఎవరి దెబ్బ ముందు తగిలిందో ఎక్కడో ఒకచోటే తేలాలి.

దీనికి మా దగ్గర ఉపాయాలున్నాయి. దూరంగా ఉన్నవాళ్ల సమాచారం పంపకపోవడం, పంపినా తక్కువసార్లు పంపడం, లోకాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కను ఒక్కో సర్వర్‌కి ఇవ్వడం, ఒకే ఊరికి పది నకళ్లు తీయడం. అన్నీ పనిచేస్తాయి, అందరూ ఒకేచోటికి రానంతవరకు. కానీ ఎంఎంఓలో జనం అచ్చంగా అదే చేస్తారు. అందరూ కలిసి కొట్టాల్సిన పెద్ద బాస్ రాక్షసి వచ్చిందంటే అందరూ అక్కడే.

అంతరిక్ష యుద్ధాల గేమ్ 'ఈవ్ ఆన్‌లైన్' వాళ్లు దీనికి ఎంచుకున్న దారి నాకు భలే ఇష్టం. యుద్ధం మరీ పెద్దదైతే ఆ ప్రాంతంలో కాలాన్నే నెమ్మది చేస్తారు, అవసరమైతే మామూలు వేగంలో పదో వంతుకి. 2014 జనవరిలో ఆ గేమ్‌లోని బి-ఆర్5ఆర్‌బి అనే నక్షత్ర మండలం దగ్గర జరిగిన యుద్ధంలో 7,500 మందికి పైగా పాల్గొన్నారు. ఆ నెమ్మది వల్ల అది 20 గంటలు దాటి సాగింది. సర్వర్ మాత్రం నిలబడింది. కత్తులతో కొట్టుకునే యాక్షన్ గేమ్‌లో ఈ ఉపాయం చెల్లదు. తప్పించుకోవడానికి నొక్కిన బటన్ పది సెకన్లకు పనిచేస్తే ఎవరు ఆడతారు?

ఇక ఆశయం పెరిగేకొద్దీ ఈ చిక్కు ముదురుతుంది. 2013లో ప్రకటించిన 'ఎవర్‌క్వెస్ట్ నెక్స్ట్' ప్లేయర్లు నేలను తవ్వగలిగే, గోడలు కూల్చగలిగే లోకాన్ని ఇస్తానంది. వినడానికి అద్భుతం. సర్వర్ వైపు నుంచి వింటే మాత్రం గుండె జారుతుంది. తవ్విన ప్రతి గుంటనూ గుర్తుపెట్టుకోవాలి, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ చూపించాలి. అందరికీ తవ్వే హక్కిస్తే వారంలో లోకమంతా గుంటలే. గుంటలు వాటంతటవే పూడిపోతే "మీరు లోకాన్ని మార్చగలరు" అన్న మాటకు అర్థం ఉండదు. 2016 మార్చిలో ఆ గేమ్‌ను రద్దు చేశారు. ఈలోగా దాన్ని చేస్తున్న స్టూడియోను సోనీ అమ్మేసింది, అది డేబ్రేక్‌గా పేరు మార్చుకుంది. కాబట్టి కారణం టెక్నాలజీ ఒక్కటే అనను.

ఇదంతా దాటినా, ఎవరి దగ్గర ఏముందో రాసిపెట్టుకునే డేటాబేస్ ఉంది. 2021 సెప్టెంబర్‌లో అమెజాన్ ఎంఎంఓ 'న్యూ వరల్డ్' వచ్చినప్పుడు పీసీ గేమ్‌ల వేదిక స్టీమ్‌లో ఏకకాలంలో 9 లక్షల మందికి పైగా ఆడారు. కొన్ని వారాలకే బంగారాన్ని నకలు తీసే లొసుగు ఒకటి బయటపడి, ప్లేయర్ల మధ్య డబ్బు మార్పిడినీ వ్యాపారాన్నీ అమెజాన్ కొన్నాళ్లు మొత్తంగా నిలిపేయాల్సి వచ్చింది. సింగిల్ ప్లేయర్ గేమ్‌లో ఇలాంటి బగ్ చూసి నవ్వుకుంటాం. ఇక్కడ ఒక్కరు మోసం చేస్తే వస్తువుల ధరలు అందరికీ పాడవుతాయి. రోల్‌బ్యాక్ చేస్తే, అంటే అందరి లెక్కనూ పాత రోజుకి వెనక్కి తిప్పితే, నిజాయితీగా సంపాదించినవాళ్లదీ పోతుంది.

అపోహ: రద్దయిన గేమ్ మీద చేసిన పనంతా చెత్తబుట్టలోకే.

వాస్తవం: టైటన్ బూడిదలోంచే 'ఓవర్‌వాచ్' పుట్టింది. 2016లో వచ్చిన ఆ గేమ్‌లోని ట్రేసర్ పాత్రకు మూలం టైటన్‌లో జంపర్ అనే క్లాస్ (పాత్రల రకం). బాగుంది. కానీ దీన్ని ఓదార్పుగా చెప్పడం నాకు నచ్చదు. అన్నీ అలా బతకవు. కోడ్‌లో కొంత మిగులుతుంది, టూల్స్ మిగులుతాయి. కథలు, పాత్రలు, బొమ్మలు ఎక్కువగా ఫోల్డర్లలోనే ఉండిపోతాయి. ఏడేళ్లు పనిచేసిన మనిషి దగ్గర, ఇది నేను చేశాను అని చూపించడానికి ఒక్క స్క్రీన్‌షాట్ కూడా ఉండకపోవచ్చు. ఒప్పందాలు అలా ఉంటాయి.

అపోహ: ఎంఎంఓల కాలం అయిపోయింది.

వాస్తవం: 1997లో మొదలైన 'అల్టిమా ఆన్‌లైన్' ఇంకా నడుస్తోంది. 1999 నాటి 'ఎవర్‌క్వెస్ట్', 2003 నాటి ఈవ్, 2004 నాటి 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్', అన్నీ ఉన్నాయి. 2007 నాటి రూపంతో 2013లో మళ్లీ తెచ్చిన 'ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్' కూడా దర్జాగా ఉంది. జానర్ చచ్చిపోలేదు. పాతవి చావట్లేదు, కొత్తవాటికి చిక్కంతా అక్కడే. ఎంఎంఓ అడిగేది మీ డబ్బుకంటే ముందు మీ సాయంత్రాలు. స్నేహితులు, గిల్డ్ (కలిసి ఆడే జట్టు), పదిహేనేళ్ల పాత్ర ఒకచోట ఉన్న మనిషి కొత్త గేమ్‌ను రెండు వారాలు చూసి తిరిగి పాత గూటికే చేరతాడు. అందుకే మొదటి నెల క్యూలు, మూడో నెలకు సర్వర్ల విలీనాలు. 2014లో వచ్చిన 'వైల్డ్‌స్టార్' 2018కి మూతపడింది. అంత సందడిగా మొదలైన న్యూ వరల్డ్‌కి ఇక కొత్త కంటెంట్ ఉండదని అమెజాన్ 2025 అక్టోబర్‌లో తేల్చేసింది. జనం తగ్గితే ఎంఎంఓ చిన్న గేమ్‌గా మారి బతకదు. పదిమంది కలిస్తేగానీ తెరుచుకోని గుహ ముందు నలుగురే నిలబడి ఉంటే, ఆ నలుగురూ కూడా వెళ్లిపోతారు.

మరోపక్క ఎంఎంఓ లక్షణాలు వేరే పేర్లతో అంతటా పాకాయి. 'డెస్టినీ'లో అందరూ కలిసే టవర్, 'ఫోర్ట్‌నైట్'లో జనమంతా ఒకేసారి చూసే ఈవెంట్లు. 2025లో రోజుకు 10 కోట్లకు పైగా జనం వచ్చిన 'రోబ్లాక్స్' కూడా ఒకరకంగా అదే. భారీ బడ్జెట్‌తో, ఒకే అతుకుల్లేని లోకంతో, అందరికీ అన్నీ ఇస్తానంటూ కొత్తగా మొదలయ్యే ఎంఎంఓలు మాత్రం ఇక అరుదే అని నా అంచనా. చిన్న సర్వర్లు, ఒక్కోదాంట్లో కొన్ని పదుల మంది, ఒకే పనిని బాగా చేసే గేమ్‌లు పెరుగుతాయి.

అపోహ: పబ్లిషర్ లేకుండా ప్లేయర్ల డబ్బుతోనే చేస్తే ఈ బాధ ఉండదు.

వాస్తవం: 2016లో క్రౌడ్‌ఫండింగ్‌తో డబ్బు పోగుచేసిన 'క్రానికల్స్ ఆఫ్ ఎలీరియా' 2020లో ఆగింది. 2015లో అదే దారిలో మొదలైన 'క్రౌఫాల్' 2021లో విడుదలైంది, 2022లో మూతపడింది. పబ్లిషర్ రద్దు చేస్తే పబ్లిషర్ డబ్బు పోతుంది. ఇక్కడ పోయేది మీది.

అపోహ: మూసేసేటప్పుడు సర్వర్ ఫైళ్లు ప్లేయర్ల చేతిలో పెట్టేస్తే సరిపోతుంది కదా, కంపెనీలకు మనసు లేదు.

వాస్తవం: మనసు లేకపోవడం కొంత నిజమే. కానీ "సర్వర్" అనేది ఒక ఫైల్ కాదు. లాగిన్, చాట్, మార్కెట్, ప్లేయర్లను జతకలిపే మ్యాచ్‌మేకింగ్, డేటాబేస్ అన్నీ విడివిడి సర్వీసులు. వాటిలో కొన్ని ఒక క్లౌడ్ కంపెనీకే అతుక్కుని ఉంటాయి, కొన్ని లైబ్రరీలు (అరువు తెచ్చుకున్న కోడ్) వేరే కంపెనీలవి, వాటిని బయటికి ఇచ్చే హక్కు స్టూడియోకి ఉండదు. ఆఖరి నెలలో, సగం టీమ్ వెళ్లిపోయాక, వీటిని విడదీయడం అయ్యే పని కాదు.

అలాగని అసాధ్యమూ కాదు. 2012 నవంబర్‌లో మూసేసిన 'సిటీ ఆఫ్ హీరోస్'ను అభిమానులు సొంత సర్వర్ల మీద నడిపించారు. వాళ్లలో 'హోమ్‌కమింగ్' బృందానికి 2024 జనవరిలో ఆ గేమ్ యజమాని ఎన్‌సీసాఫ్ట్ అధికారికంగా లైసెన్స్ ఇచ్చింది. 2024లో 'ది క్రూ' అనే రేసింగ్ గేమ్ మూతపడ్డాక, కంపెనీ సపోర్ట్ ఆపినా గేమ్‌ను ఆడుకునే స్థితిలో వదలాలంటూ మొదలైన 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమానికి యూరప్‌లో 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. ఆ డిమాండ్‌లో అన్ని వివరాలతోనూ నేను ఏకీభవించను. కానీ మూసేశాక గేమ్ ఎలా బతుకుతుందని డిజైన్ మొదలయ్యే రోజునే అడగాలన్న మాట సరైనదే. లాగిన్‌ను కంపెనీ ఖాతాతో ముడిపెట్టకుండా మార్చుకోగలిగేలా రాయడం, ఒక చిన్న లోకం ఒక్క మెషీన్ మీద లేచేలా చూసుకోవడం, బయటి లైబ్రరీల ఒప్పందాలు ముందే చదువుకోవడం. ఒక్క మెషీన్ మీద లేచే బిల్డ్ మాకు రోజూ టెస్టింగ్‌కి ఎలాగూ కావాలి.