ఆఫీస్ క్యాంపస్ ల్యాండ్‌స్కేపింగ్: అపోహలు - వాస్తవాలు

"బిల్డింగ్ అయిపోయిందండీ, వచ్చే నెల ఓపెనింగ్, గ్రీనరీ ఒక్కటే మిగిలింది, ఒకసారి వచ్చి చూడండి." మంగళగిరి నుంచైనా గన్నవరం, కేసరపల్లి వైపు నుంచైనా నాకొచ్చే ఫోన్లు ఎక్కువగా ఇవే. అందుకే ముందు దీని గురించే చెప్తా.

అపోహ: మొక్కల పని చివర్లో చూసుకోవచ్చు.

వాస్తవం: చివర్లో పెట్టేది మొక్క ఒక్కటే, అది బతుకుతుందా లేదా అనేది పునాది స్టేజ్‌లోనే తేలిపోతుంది. బేస్‌మెంట్ పార్కింగ్ పైన గార్డెన్ కావాలంటారు కదా, తడిసిన మట్టి క్యూబిక్ మీటర్‌కి సుమారు 1.8 టన్నులు ఉంటుంది. లాన్‌కి అడుగు మట్టి, పొదలకి రెండడుగులు, చెట్టుకైతే మూడున్నర నాలుగడుగులు కావాలి, అంటే చెట్టున్న చోట చదరపు మీటర్‌కి సుమారు రెండు టన్నులు స్లాబ్ మోయాలి. ఈ మాట స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి డిజైన్ అప్పుడే చెప్పాలి, స్లాబ్ పోశాక చెప్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు?

జేసీబీ దిగిన మొదటి రోజే పైన ఉన్న మంచి మట్టి టిప్పర్లలో ఎవరి లేఅవుట్‌కో వెళ్లిపోతుంది. 20 వేల చదరపు మీటర్ల బిల్టప్ ఏరియా దాటితే పర్యావరణ అనుమతి తీసుకోవాలి, అందులో పై మట్టిని విడిగా కుప్ప పోసి గార్డెన్‌కి వాడమని సాధారణంగా రాసే ఉంటుంది, చదివేవాళ్లు ఏరీ? ఆ మట్టి పోయాక సిమెంట్ పెళ్లలు, టైల్ ముక్కలు, గ్రావెల్ పోసి రోలర్ తొక్కించి, పైన ఆరంగుళాల ఎర్రమట్టి పరిచి లాన్ వేస్తారు. ఓపెనింగ్ రోజు ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది, మే నెల ఎండకి మాడిపోతుంది, అప్పుడు తిట్లన్నీ నర్సరీవాళ్లకి.

గుంటూరు దగ్గర ఒక క్యాంపస్‌లో కడియం నుంచి తెచ్చిన పెద్ద పొగడ చెట్లు వరసగా వాడిపోతుంటే అక్కడి సూపర్‌వైజర్ కుర్రాడు ఉద్యోగం పోతుందేమోనని వణికిపోతున్నాడు. ఆకు వాడిందని నీళ్లు పెంచాడు, పెంచేకొద్దీ ఇంకా వాడాయి. తవ్వి చూస్తే కింద రోలర్ తొక్కిన పొర, గుంటలో నీళ్లు దిగే దారే లేదు, వేర్లు కుళ్లి వాసనొస్తున్నాయి. ఆ అబ్బాయి తప్పేం లేదందులో. గట్టి పొరకి కన్నాలు కొట్టి నీళ్లు కిందికి దిగేలా చేశాక కొన్ని చెట్లు కోలుకున్నాయి, మిగతావి తీసేయాల్సొచ్చింది. మీరు మొక్క కొనేముందు రెండడుగుల గుంట తీసి నిండా నీళ్లు పోయండి, తెల్లారేసరికి నీళ్లు అలాగే ఉంటే అక్కడ ముందు డ్రైనేజ్ పని చేయించాలి, మొక్క తర్వాత. మన నల్లరేగడిలో ఇది మరీ ముఖ్యం. రోడ్ల కింద స్లీవ్ పైపులు (తర్వాత నీళ్ల లైన్లు, వైర్లు దూర్చుకునే ఖాళీ పైపులు), ఎస్టీపీ, అంటే మురుగునీటి శుద్ధి ప్లాంట్ నుంచి గార్డెన్‌కి లైను కూడా ముందే వేసుకోండి, లేకపోతే కొత్త పేవర్లు పగలగొట్టాల్సిందే.

అపోహ: గ్రీనరీ అంటే లాన్. ఎండాకాలం ఎకరా లాన్‌కి రోజుకి 20 వేల లీటర్ల పైనే తాగించాలి. నలుగురు కూర్చునే చోట కాస్త లాన్ ఉంచి, మిగతా చోట కానుగ, నేరేడు, వేప పెట్టండి, పార్కింగ్‌కి నీడైనా వస్తుంది.

అపోహ: కోనోకార్పస్ ఆక్సిజన్ మింగేస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. ఈ వాట్సాప్ గోల ఇక ఆపండి. పైపుల్లోకి, డ్రైన్లలోకి వేర్లు దూరతాయని, పుప్పొడితో ఎలర్జీ అని ఫిర్యాదులున్నాయి, గుజరాత్ 2023లో నాటొద్దంది. కొత్తగా పెట్టకండి, అంతే. ఉన్నవాటి పక్కన కూర్చున్నందుకు ఎవరూ భయపడక్కర్లేదు.

అపోహ: మట్టి పోసి స్థలం లెవెల్ పెంచితే పాత చెట్లకేం కాదు. 2024 బుడమేరు వరద చూశాక అందరూ ఫిల్లింగ్ పోయిస్తున్నారు, ఆ భయం నాకూ తెలుసు. కానీ వేప చెట్టు మొదలుని మూడడుగులు పూడ్చేస్తే వేర్లకి గాలాడదు, వెంటనే తెలీదు, రెండు మూడేళ్లకి పైకొమ్మల నుంచి ఎండుకుంటూ వస్తుంది. ఫిల్లింగ్ మొదలవ్వకముందే కొమ్మలు ఎంతవరకు పరుచుకున్నాయో అంతమేరా పాత లెవెల్ వదిలేసి, చుట్టూ రాతి గోడ కట్టించి, లోపల చేరే వాన నీళ్లు పోవడానికి ఒక పైపు పెట్టించండి.