శివారు చేలకు చేరని నీరు: గోదావరి డెల్టాలో ఉమ్మడి పనికి వెనుక ఉన్న కథ

దాళ్వా (రబీ) నాట్లు పూర్తయిన కొద్ది వారాలకే గోదావరి డెల్టాలో ఏటా ఒకే ఫిర్యాదు మొదలవుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలకు నీరు వదిలినట్టు అధికారుల లెక్కల్లో ఉంటుంది. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, మొగల్తూరు వంటి మండలాల శివారు రైతులు మాత్రం బోదెలో (పిల్ల కాలువలో) చుక్క లేదని, చేను నెర్రెలు తీసిందని మొత్తుకుంటారు. చాలాసార్లు రెండు మాటలూ నిజమే. సార్వా (ఖరీఫ్) పంట చేతికొచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో అదే రైతులు చేలు ముంపులో ఉన్నాయని, మురుగు కాలువ లాగడం లేదని మళ్లీ రోడ్డెక్కుతారు. నీరు రావలసిన రోజున రాకపోవడం, పోవలసిన రోజున పోకపోవడం వేర్వేరు సమస్యలుగా కనిపించినా, వాటి మూలం ఒకటే. కాలువలనూ డ్రెయిన్లనూ అందరూ కలిసి కాపాడుకునే ఏర్పాటు ఈ ప్రాంతంలో ఎలా పుట్టింది, దాని ఖర్చు ఎవరి మీద పడుతూ వచ్చింది, ఫలం ఎవరికి దక్కుతూ వచ్చింది అన్నది తెలిస్తే తప్ప ఈ ఫిర్యాదు ఎందుకు తీరడం లేదో అర్థం కాదు.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టకముందు ఈ నేల ఇప్పుడు మనం చూస్తున్న కోనసీమ కాదు. 1833 నాటి నందన కరువు, 1839లో కోరంగిని ముంచెత్తిన ఉప్పెన, వాటి మధ్య వరుసగా వచ్చిన పంట నష్టాలు జిల్లాను ఖాళీ చేశాయి. 1821లో దాదాపు 7.38 లక్షలుగా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. నది నిండుగా పారుతుండగానే పక్కన జనం ఆకలితో చనిపోయారు. ఆర్థర్ కాటన్ నివేదికల మీద 1846లో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలై 1852 నాటికి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలుగా ఆనకట్ట నిలబడింది. కూలీలను సమకూర్చి పని నడిపించడంలో వీణెం వీరన్న పాత్రను ఈ జిల్లాల ప్రజలు ఇప్పటికీ కాటన్‌తో కలిపే తలుచుకుంటారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఇంత పెద్ద నదికి అడ్డుకట్ట వేయడం ఏ ఒక్క రైతుకూ, ఏ ఒక్క జమీందారుకూ సాధ్యమయ్యే పని కాదు. వందల గ్రామాలు తమలో తాము మాట్లాడుకుని చందాలు వేసుకుంటే అయ్యేదీ కాదు. శిస్తు రాబడి మీద కన్నేసిన కంపెనీ పాలనకు మాత్రమే అంత పెట్టుబడి పెట్టే కారణమూ, పెట్టగలిగే శక్తీ ఉన్నాయి. అందువల్ల డెల్టాలో నీటి విషయంలో సహకారం పైనుంచి కిందికి వచ్చింది. కాలువ తవ్వింది సర్కారు, లాకు కట్టింది సర్కారు, తూము తెరిచే లస్కరు సర్కారు మనిషి. రైతు వంతు నీటి తీరువా (సాగునీటి పన్ను) కట్టడం వరకే. 1865లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన నీటి తీరువా చట్టం ఈ సంబంధాన్ని స్థిరపరచింది. దానికి ఏడేళ్ల ముందు, 1858లో, చెరువు గట్లకూ కాలువ గట్లకూ గండ్లు పడే ప్రమాదమున్నప్పుడు ఊరివాళ్లను పనికి పిలిపించే అధికారాన్ని ఇంకో చట్టం ఇచ్చింది. అంతకుముందు ఆచారంగా సాగిన మరామత్తు పని అప్పటి నుంచి సర్కారు ఆజ్ఞగా మారింది. ఆజ్ఞతో చేసే పనిలో ఎవరి వాటా ఎంత అన్న చర్చ రైతుల మధ్య జరగదు కనుక, అలా చర్చించుకునే అలవాటు కూడా పెరగలేదు.

కాలువల కథ ఇలా ఉంటే, డ్రెయిన్ల కథ ఇంకా విచారకరం. కాలువ నీటికి తీరువా వస్తుంది, కాబట్టి కాలువ మీద పెట్టిన రూపాయి ఖజానాకు తిరిగి వస్తుంది. మురుగు కాలువ ఎంత బాగా పారినా ఎవరూ దానికి విడిగా పన్ను కట్టరు. కట్టనివాడి చేను ఒక్కటీ మునిగేలా దాన్ని మూయడమూ కుదరదు. అందుకే డెల్టాలో సాగునీటికి దొరికిన శ్రద్ధ మురుగు నీటికి దొరకలేదు. స్కాట్లండు తత్త్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1740లోనే ఈ చిక్కును చెప్పాడు, అదీ మురుగు నీటి ఉదాహరణతోనే. ఇద్దరు పొరుగువాళ్లు తమ ఉమ్మడి పచ్చిక నేలలో నిలిచిన నీటిని తీయించుకోవడానికి తేలిగ్గా ఒప్పుకుంటారు, ఎందుకంటే ఒకడు పని మానితే మొత్తం ఆగిపోతుందని ఇద్దరికీ తెలుసు. అదే పని వెయ్యిమంది చేయాలంటే ప్రతివాడూ శ్రమనూ ఖర్చునూ పక్కవాడి మీదకు నెట్టడానికి సాకు వెతుకుతాడు. దీనికి మందు ప్రభుత్వమేనని, వంతెనలూ రేవులూ కాలువలూ అందుకే ప్రభుత్వం చేతుల మీదుగా ఏర్పడతాయని ఆయన అన్నాడు. కూనవరం డ్రెయిను, యనమదుర్రు డ్రెయిను ఒడ్డున నిలబడి చూస్తే హ్యూమ్ చెప్పిన మొదటి సగం పూర్తిగా నిజమనీ, రెండో సగం పాక్షికంగానే నిజమనీ తెలుస్తుంది. ప్రభుత్వమున్నంత మాత్రాన డ్రెయిను శుభ్రంగా ఉండదు. గుర్రపుడెక్క పేరుకుపోయి, సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడుకుపోయి, పోటు సమయంలో ఉప్పునీరు పైకి తన్నుతుంటే మురుగు ఎటూ కదలదు. 1960ల మధ్యలో వచ్చిన ముంపుల తరువాత మిత్ర కమిటీ డ్రెయిన్ల సమస్యను పరిశీలించింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టాలకు ప్రత్యేకంగా మురుగునీటి పారుదల సెస్సు చట్టం చేశారు. లాభపడే భూమే ఖర్చు భరించాలన్న సూత్రం ఈ చట్టంలో స్పష్టంగా ఉంది, నా దృష్టిలో అది సరైన సూత్రమే. కానీ కట్టిన సెస్సుకు తమ ఊరి డ్రెయినులో ఏ పని జరిగిందో రైతుకు కనిపించే ఏర్పాటు లేనంత కాలం, అలాంటి వసూలు రైతు కంటికి మరో శిస్తుగానే ఉంటుంది.

ఎగువ, దిగువ పేచీకి వస్తే, అది కాలువ ఉన్న ప్రతి దేశంలోనూ ఉన్నదే. దాళ్వా కాలంలో గోదావరి సహజ ప్రవాహం పడిపోతుంది. సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వచ్చే నీటి మీద డెల్టా ఆధారపడుతుంది. అప్పుడు వంతులవారీ విధానం పెడతారు. వంతు దాటిన రాత్రి కూడా ఎగువ రైతు ఆయిలు ఇంజను పెట్టి తోడుకుంటాడు, లేదా గట్టు కింద గొట్టం దూర్చి తూముతో పని లేకుండా నీరు పెట్టుకుంటాడు. అతన్ని దొంగ అనడం తేలిక. అతని చేను కూడా పొట్ట దశలో ఉంది. తాను వదిలిన నీరు శివారుకే చేరుతుందన్న నమ్మకం అతనికి లేదు, మధ్యలో ఇంకొకరు లాగేస్తారని అతనికి తెలుసు. ఒకప్పుడు రాత్రిపూట గట్టు మీద తిరిగే లస్కరు ఆ నమ్మకానికి కాపలా. పదవీ విరమణ చేసిన లస్కర్ల స్థానాలు భర్తీ కాక, ఉన్న ఒక్క మనిషికి మైళ్ల కొద్దీ కాలువ అప్పగించాక, కాపలా కాగితం మీద మిగిలింది.

ఉమ్మడి వనరును జనం తమకు తాముగా కాపాడుకోలేరని, ప్రభుత్వమో ప్రైవేటు యాజమాన్యమో తప్ప దారి లేదని 1968లో అమెరికా జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ వాదించాడు. అమెరికా పరిశోధకురాలు ఎలినార్ ఆస్ట్రమ్ దశాబ్దాల పాటు ప్రపంచవ్యాప్తంగా సాగునీటి సంఘాలనూ, అడవులనూ, చేపల రేవులనూ పరిశీలించి అది తప్పని చూపింది. 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి పొందిన తొలి మహిళ ఆమే. నియమాలు చేసేవాళ్లు ఆ నీరు వాడుకునేవాళ్లే అయి ఉండాలి, కాపలా మనిషి వాళ్లకే జవాబుదారీ కావాలి, తప్పుకు తగ్గట్టు జరిమానా చిన్నదిగా మొదలై పెరగాలి, తగవు తీర్చే చోటు దగ్గరలో ఉండాలి. సంఘాలు నిలిచిన చోట్ల ఇవన్నీ ఆమెకు కనిపించాయి. మన రాష్ట్రంలోనే కర్నూలు జిల్లా కాలువ గ్రామాలను పరిశీలించిన పరిశోధకుడు రాబర్ట్ వేడ్, నీటికి కటకటలాడే కాలువ చివరి ఊళ్లలోనే రైతులు ఊరుమ్మడి నిధితో నీరు కట్టే మనుషులను పెట్టుకుని క్రమశిక్షణగా పంచుకుంటున్నారని కనుగొన్నాడు. గోదావరి డెల్టాకు ఇందులో చేదు పాఠం ఉంది. ఇక్కడ నూరేళ్లకు పైగా నీరు సమృద్ధిగా, చౌకగా వచ్చింది. కరువు నేర్పే పంపకం మనకు నేర్చుకోవలసిన అవసరం రాలేదు.

1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుల సాగునీటి యాజమాన్య చట్టం తెచ్చి, అదే ఏడాది ఎన్నికలు జరిపి, రాష్ట్రమంతటా పదివేలకు పైగా నీటి సంఘాలను ఏర్పాటు చేసింది. వాటి మీద డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, ప్రాజెక్టు కమిటీలు వచ్చాయి. ఆ సంస్కరణకు జోడుగా నీటి తీరువాను దాదాపు మూడింతలు చేసి, ఎకరా మాగాణికి మొదటి పంటకు 200 రూపాయలు, రెండో పంటకు 150 రూపాయలుగా నిర్ణయించారు. 1996–97లో క్వింటాలు సాధారణ రకం ధాన్యం మద్దతు ధర 380 రూపాయలు. అంటే 200 రూపాయలు దాదాపు 52 కిలోల ధాన్యానికి సమానం. 2024–25 మద్దతు ధర 2,300 రూపాయలతో చూస్తే అదే 200 రూపాయల విలువ తొమ్మిది కిలోల ధాన్యం కూడా కాదు. తీరువా పెంచకపోవడం రైతుకు మేలుగా కనిపిస్తుంది. కానీ వసూలైన తీరువాలో వాటాతోనే కాలువ బాగు చేసుకోవాలని ఏర్పడిన సంఘానికి, తీరువా కరిగిపోతే మిగిలేది ప్రభుత్వం మంజూరు కోసం ఎదురుచూపే. పూడిక తీత పని కాంట్రాక్టరు చేతిలోకి, బిల్లు చెల్లింపు ఖజానా దయలోకి వెళ్లాక సంఘం అధ్యక్షుడి మాటకు బోదె మీద విలువ ఉండదు.

డబ్బు కన్నా పెద్ద లోపం సభ్యత్వంలో ఉందని నేను నమ్ముతున్నాను. కౌలుదారు పేరు రెవెన్యూ రికార్డుల్లో ఉంటే చట్టం అతనికి చోటిస్తుంది. గోదావరి జిల్లాల్లో కౌలు చాలావరకు నోటి మాట మీదే నడుస్తుంది. 1956 కౌలుదారీ చట్టమూ, 1974 సవరణా కౌలుదారుకు రక్షణ కల్పించాలని వచ్చాయి. భూమి చేజారుతుందన్న భయంతో యజమానులు కాగితం రాయడమే మానేశారు. 2011లో రుణ అర్హత కార్డులకు, 2019లో పంట సాగుదారు హక్కు పత్రాలకు చట్టాలు వచ్చినా, యజమాని సంతకం దగ్గర చాలామంది ఆగిపోతున్నారు. ఫలితంగా బోదెలో తూడు ఎవరు తీయాలన్న ప్రశ్నకు ఊళ్లో సమాధానం దొరకదు. యజమానికి మక్తా (ముందే మాట్లాడుకున్న కౌలు) బస్తాలు ఎలాగూ వస్తాయి, పూడిక తీసినా తీయకపోయినా. పంట పోతే మునిగేది కౌలుదారు, కానీ వచ్చే ఏడు అదే చేను తనకిస్తారో లేదో తెలియని మనిషి ఐదేళ్లు నిలిచే పనికి కూలి ఎందుకు పెడతాడు? ఓటు ఉన్నవాడికి నష్టం లేదు, నష్టపోయేవాడికి ఓటు లేదు. దీనికి తోడు వరి చేల మధ్య చేపల, రొయ్యల చెరువులు తవ్విన చోట్ల బోదె గట్లు తెగి, మురుగు దారులు మూసుకుపోయి, ఒకే కాలువ కింద రెండు వ్యతిరేక అవసరాలు పుట్టాయి.

డెల్టా రైతుకు కలిసికట్టుగా కదలడం చేతకాదని ఎవరైనా అంటే 2011 సార్వా చూపించాలి. గిట్టుబాటు ధర లేదని, కూలి ఖర్చు భరించలేమని, డ్రెయిన్లు బాగుచేయలేదని కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి, పదుల వేల ఎకరాలను బీడు పెట్టారు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేయవలసి వచ్చింది. ఊరూరా మాట మీద నిలబడటం సామాన్యమైన విషయం కాదు. అయితే ఆ విరామం భారం కూడా సమానంగా పడలేదు: భూమి ఉన్నవాడు ఒక పంట వదులుకున్నాడు, కూలి మనిషి ఆ సీజను పని మొత్తం వదులుకున్నాడు, అతన్ని ఎవరూ అడగలేదు.

2024 డిసెంబరులో నీటి సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి. వేసవిలో కాలువలు కట్టేసి, సార్వాకు తిరిగి వదిలేలోపు దొరికే కొద్ది వారాల్లోనే పూడిక, తూములు, లాకుల మరమ్మతులు పూర్తి కావాలి. ఏ బోదె ముందు, ఏ డ్రెయిను ముందు అన్న జాబితా తయారయ్యే సమావేశానికి ఆ బోదె కింద సాగు చేస్తున్న కౌలు రైతులను పిలిచి కూర్చోబెట్టడానికీ, యజమాని మక్తాలో పూడిక ఖర్చు ఎంత తగ్గించాలో అక్కడే తేల్చుకోవడానికీ చట్ట సవరణ కోసం ఎదురుచూడనక్కర్లేదు. సంఘం తనంతట తాను పూనుకుంటే ఈ వేసవిలోనే మొదలుపెట్టవచ్చు.