డాలస్ పిల్లలు కొలువులోకి ఎలా వచ్చారు?

ప్రియమైన పిల్లలకు,

ఈ సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టాం. డాలస్‌లో ఉన్న మా చిన్నబ్బాయి పిల్లలిద్దరూ రాలేకపోయారు. అక్కడి బడికి భోగీ తెలియదు, కనుమా తెలియదు. ఆ లోటు తీర్చాలని ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలు ఒక ఉపాయం పన్నింది. వాళ్ల నాన్న పెరట్లో తీసి పంపిన ఫోటోలోంచి ఆ ఇద్దరినీ కత్తిరించి, మా కొలువు ఫోటోలో తన పక్కన నిలబెట్టింది. ఈ పనికి కంప్యూటర్‌లో గింప్ అనే సాఫ్ట్‌వేర్ వాడింది. డబ్బు పెట్టి కొనక్కర్లేదు, ఎవరైనా దింపుకోవచ్చు. బర్కిలీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు దాన్ని మొదలుపెట్టి 1996లో లోకానికి ఇచ్చారు.

పని ముగించి నన్ను పిలిచి రెండు ప్రశ్నలు వేసింది.

"తాతయ్యా, వాళ్ల వెనకాల ఉన్న కంచె, చెట్టు అన్నీ తీసేశాను కదా, అవి ఎక్కడికి పోయాయి?"

"అంచులన్నీ అంత జాగ్రత్తగా కత్తిరించినా వీళ్లు అతికించినట్టే ఎందుకున్నారు?"

మొదటిది తేలిక. రెండోది నూటయాభై ఏళ్లకు పైగా ఫోటోగ్రాఫర్లను ఏడిపిస్తున్న ప్రశ్న. జవాబులు మీకు కూడా పనికివస్తాయని ఈ ఉత్తరం.

కొలువు ఎదురుగానే ఉంది కాబట్టి దానితోనే చెబుతాను. కొలువు ఎలా పెడతాం? ట్రంకు పెట్టెలూ పీటలూ మెట్లుగా పేర్చి, పైన తెల్ల పంచె పరిచి, ఒక్కో మెట్టు మీద కొన్ని బొమ్మలు సర్దుతాం. గింప్‌లో ఈ మెట్టును లేయర్ అంటారు. ఫైల్ మెనూలో 'ఓపెన్ యాజ్ లేయర్స్' అని ఉంటుంది. దాన్ని నొక్కి ఫోటోలు ఎంచుకుంటే ఒక్కో ఫోటో ఒక్కో మెట్టు మీదికి వచ్చి కూర్చుంటుంది. ముందు మెట్టు మీది కొండపల్లి ఏనుగును పక్కకు జరిపితే వెనక మెట్టు మీది రాముడు కదలడు. ఏనుగు మరీ పెద్దదైతే రాముడు కనబడడు, కానీ ఉంటాడు. లేయర్ల సంగతీ అంతే. ఒకదాన్ని జరపండి, చిన్నది చేయండి, వంచండి, కాసేపు దాచేయండి. మిగిలినవాటికి చీమ కుట్టినట్టయినా ఉండదు.

మనిషిని కత్తిరించగానే వెనకాల బూడిద రంగు గళ్లు కనబడతాయి కదా. అవి ఫోటోలో భాగం కావు, అచ్చు వేస్తే రావు. పంచె పరవని చోట ట్రంకు పెట్టె బయటపడినట్టు, అక్కడ ఏమీ లేదని చెప్పడానికి పెట్టిన గుర్తు. కింద ఇంకో లేయర్ పరిస్తే గళ్లు మాయమవుతాయి.

ఒక్క చోట మాత్రం నా కొలువు తలకిందులవుతుంది. కొలువులో మనకు దగ్గరగా ఉండేది అన్నిటికంటే కింది మెట్టు. గింప్ చూపే జాబితాలో మనకు దగ్గరగా ఉండే లేయర్ అన్నిటికంటే పైన ఉంటుంది. పోల్చడం నా వంతు, సర్దుకోవడం మీ వంతు.

ఇప్పుడు ఆ కంచె సంగతి. మా మనవరాలు దాన్ని ఎరేజర్‌తో చెరిపేసింది. అలా చెరిపి, ఫైలు భద్రపరిచి మూసేస్తే దాన్ని తిరిగి రప్పించడం కష్టం. చెయ్యి జారి తమ్ముడి చెవి చెరిగిపోయినా అదే తంటా. దానికంటే మంచి పద్ధతి ఉంది. మా కొలువులో ఒక రాణి బొమ్మ ఉంది, బుగ్గ మీద రంగు లేచిపోయింది. మీ నానమ్మ ఆ బుగ్గను గీకదు, బొమ్మను పారేయదు. చిన్న జరీ గుడ్డతో మేలిముసుగు వేసి కూర్చోబెడుతుంది. ముసుగు తీస్తే బుగ్గ అక్కడే ఉంటుంది. గింప్‌లో లేయర్ మీద మౌసు కుడి మీట నొక్కితే 'యాడ్ లేయర్ మాస్క్' అని వస్తుంది. తెల్ల మాస్క్ ఎంచుకోండి. దాని మీద నల్ల రంగు పూసిన మేరా ఫోటో దాగుతుంది. పొరపాటున చెవి దాగితే అదే చోట తెల్ల రంగు పూయండి, చెవి తిరిగి వస్తుంది. బూడిద రంగు పూస్తే సగం కనబడీ సగం కనబడకుండా ఉంటుంది. జుట్టు దగ్గర గట్టి అంచున్న కుంచె వాడకండి, మెత్తనిది తీసుకోండి. డాలస్ ఆకాశం నీలి గీతలా తల చుట్టూ మిగిలిపోతే, ముసుగును ఒకటి రెండు పిక్సెళ్లు, అంటే ఫోటోలోని చిన్న చుక్కలు, లోపలికి జరపండి. అంటే తల్లీ, కంచె ఎక్కడికీ పోనక్కర్లేదు. ముసుగు కింద ఉండనీ.

ఇంకొకటి. గింప్‌లో 'సేవ్' అంటే ఎక్స్‌సీఎఫ్ అనే ఫైలు తయారవుతుంది. అది కొలువే. ఎప్పుడు తెరిచినా బొమ్మలు జరపవచ్చు, ముసుగులు తీయవచ్చు. 'ఎక్స్‌పోర్ట్' చేసి జేపెగ్ అనే మామూలు ఫోటో ఫైలు తీస్తే అది కొలువుకు తీసిన ఫోటో. అందులో ఏనుగు ఎక్కడుంటే అక్కడే. రెండూ ఉంచుకోండి. చాలామంది జేపెగ్ ఒక్కటే మిగుల్చుకుని, వారం తర్వాత అత్తయ్య వచ్చి "నన్ను కాస్త ఎడమకు జరపరా" అంటే తల పట్టుకుంటారు.

మా చిన్నప్పుడు కంప్యూటర్లు లేవు గానీ ఈ పని ఉంది. మా ఊళ్లో బస్టాండు ఎదుటి సందులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. లోపల ఒక గోడకు రాజభవనం మెట్లు, హంసల కొలను వేసిన తెర. చీకటి గదిలోంచి ఫోటోలు కడిగే హైపో మందు వాసన వీధిలోకి కొట్టేది. బడి వదలగానే నేను ఆ గుమ్మంలో తేలేవాణ్ణి. ఇంటి పెద్ద పోయాక ఆయనకు విడిగా ఫోటో లేదని తెలిసేది చాలా ఇళ్లలో. అప్పుడు ఎప్పటిదో పెళ్లి గుంపు ఫోటో పట్టుకుని వచ్చేవారు. స్టూడియో ఆయన అందులోంచి తల వరకు పెద్దది చేసి అచ్చు తీసి, బ్లేడుతో కత్తిరించి, కోటు వేసుకున్న వేరే మనిషి ఒంటి మీద అతికించేవాడు. పల్లెలో పుట్టి పల్లెలో పోయిన రైతు కూడా చివరికి కోటుతో గోడ ఎక్కేవాడు.

అతికించే ముందు ఆయన చేసే పని ఒకటి నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కత్తిరించిన తలను బోర్లా పడుకోబెట్టి, వెనకవైపు అంచుల మీద గరుకు కాగితంతో రుద్దేవాడు. అంచు ఉల్లిపొరంత పలచన అయ్యేదాకా, చిరగకుండా, ఊపిరి బిగబట్టి. ఎందుకంటే కాగితానికి మందం ఉంటుంది. అతికించినదాన్ని దీపాల కింద పెట్టి మళ్లీ ఫోటో తీసినప్పుడు ఆ మందం మెడ చుట్టూ సన్నని నీడ గీత వేస్తుంది. గీత పడిందా, గుట్టు బయటపడ్డట్టే. ఆ తర్వాత సన్నని కుంచె కొనను నాలుకతో తడిపి అతుకు మీద రంగు దిద్దేవాడు. ఇప్పుడు మీరు 'ఫెదర్' అనే గడిలో ఒక అంకె వేసి సాధించే మెత్తదనం కోసం ఆయన ఒక పూట ఖర్చు పెట్టేవాడు.

ఆ స్టూడియో ఆయన ఇంత శ్రమకు దిగే ముందు ఒకటే చూసేవాడు: ముక్కు నీడ. తల ఫోటోలో ముక్కు నీడ ఎటు పడిందో, కోటు ఫోటోలో గడ్డం నీడ కూడా అటే పడాలి. పడకపోతే ఆ కోటు పనికిరాదు, ఇంకో కోటు వెతకాలి. ఒకసారి ఎంత వెతికినా సరైన కోటు దొరక్క, ఎన్‌లార్జర్‌లో (ఫోటోను పెద్దది చేసే యంత్రంలో) నెగెటివ్ ఫిల్మును బోర్లించి పెట్టి తలనే అటు తిప్పేశాడు. నీడ కుదిరింది. కానీ ఆ పెద్దాయన ఎడమ బుగ్గ మీది పుట్టుమచ్చ కుడి బుగ్గకు పోయింది, పాపిడి పక్క మారింది. ఫోటో అందుకున్న ఇంటావిడ ఒక్క చూపు చూసి, "ఈయన అద్దంలో మనిషి" అన్నది. మీ సాఫ్ట్‌వేర్‌లో కూడా 'ఫ్లిప్' అనే మీట ఉంది, ఒక్క క్షణంలో తిప్పేస్తుంది. చొక్కా జేబు కుడికి వస్తుంది, అత్తయ్య పైట కుడి భుజం మీదికి పోతుంది, వెనక గోడ మీద అక్షరాలు తిరగబడతాయి. నొక్కే ముందు ఇవన్నీ చూసుకోండి.

ఇది మా ఊరి విద్య అనుకోకండి. 1857లో ఇంగ్లండులో ఆస్కార్ రేలాండర్ అనే ఫోటోగ్రాఫర్ 30కి పైగా నెగెటివ్‌లను కలిపి ఒకే పెద్ద ఫోటో అచ్చు వేశాడు. ఒక్కో గుంపును విడివిడిగా తీసి, కాగితం మీద తక్కిన భాగమంతా కప్పి, ఒక్కో ముక్కే వెలుగుకు చూపాడు. చూశారా, అక్కడా ముసుగే. రాజస్థాన్‌లోని నాథద్వారాలో యాత్రికుల ముఖాలను ఫోటోల నుంచి కత్తిరించి, అక్కడి కృష్ణుడు శ్రీనాథ్‌జీ ముందు చేతులు జోడించినట్టు చిత్రించిన బొమ్మల మీద అతికించి ఇచ్చేవారు. ఇక గింప్ లాంటిదే అయిన ఫోటోషాప్ సాఫ్ట్‌వేర్‌లోకి లేయర్లు వచ్చింది 1994లో. అప్పటిదాకా అందులో కూడా అతికిస్తే అతికించినట్టే, మళ్లీ ఊడదీయడం కుదిరేది కాదు.

రెండో ప్రశ్నకు వద్దాం. మా మనవరాలి ఫోటోను తెర మీద పెద్దది చేసి చూశాను. కొలువు గదిలో వెలుగు పసుపు పచ్చనిది: పైన ఒక బల్బు, పక్కన సీరియల్ దీపాలు. డాలస్ పిల్లల మీద పడింది పగటి ఎండ. ఒక బుగ్గ తెల్లగా మెరుస్తోంది, రెండో బుగ్గ మీద ముక్కు నీడ కత్తిలా ఉంది. మా మనవరాలి ముఖం మీద నీడ ఉందా లేదా అన్నట్టుంది. పైగా ఆ ఇద్దరూ ఎండకు కళ్లు చికిలించారు. బల్బు వెలుగులో ఎవరైనా కళ్లు చికిలిస్తారా? వాళ్ల నాన్న నిలబడి, తన ఎత్తు నుంచి కిందికి చూస్తూ తీశాడు. ఇక్కడ ఫోటో తీసినవాళ్లు నేల మీద కూర్చుని తీశారు. అందుకే ఆ పిల్లల నెత్తులు కనబడుతున్నాయి, మనమ్మాయి గడ్డం కనబడుతోంది. పైగా వాళ్ల పాదాల కింద నీడ లేదు. నీడ లేని బొమ్మ మెట్టు మీద నిలబడదు, తేలుతుంది.

కొన్నిటిని దిద్దవచ్చు. 'కలర్ టెంపరేచర్' అనే చోట ఎండ రంగును కొంచెం పసుపు వైపు లాగవచ్చు. పిల్లల లేయర్‌కు కిందగా కొత్త లేయర్ ఒకటి వేసి, మెత్తని నల్ల కుంచెతో పాదాల దగ్గర రెండు మచ్చలు పెట్టి, సగానికి పైగా పలచన చేస్తే నీడ వస్తుంది. కానీ చికిలించిన కళ్లను, నెత్తి మీద నుంచి తీసిన చూపును దిద్దుతూ కూర్చోవడం నాకు నచ్చదు. బాబాయికి ఫోన్ చేసి, పిల్లలను ఇంట్లో దీపం పక్కన నిలబెట్టి, ఫోను వాళ్ల ఛాతీ ఎత్తులో పట్టుకుని మళ్లీ తీసి పంపమనడం మేలు. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే చిన్నదైపోతుంది, డాక్యుమెంటుగా పంపమనండి. 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు అచ్చు కావాలంటే అంగుళానికి 300 చొప్పున 3600, 2400 పిక్సెళ్లు ఉండాలి. లేని పిక్సెళ్లను సాగదీసి పుట్టించలేం, సాగేది మసకే.

నీడల మాట వచ్చింది కాబట్టి ఒక వింత. సంక్రాంతి నాడు సూర్యుడు ఆ రోజుకు ఎంత పైకి రాగలడో అంత వచ్చిన నడి మధ్యాహ్నం, విజయవాడలో నాలుగడుగుల పిల్లవాడి నీడ మూడడుగుల పైచిలుకు ఉంటుంది. అదే ఎత్తున్న పిల్లవాడి నీడ డాలస్‌లో ఐదున్నర అడుగులు. డాలస్ మనకంటే ఉత్తరాన ఉంది, అక్కడ సూర్యుడు అంత పైకి ఎక్కడు. ఇద్దరినీ ఒకే పెరట్లో పక్కపక్కన నిలబెట్టినట్టు ఫోటో అతికించారనుకోండి, కత్తిరింపు ఎంత బాగున్నా రెండు నీడలూ పోట్లాడతాయి. ఎందుకిలా అన్నదాన్ని లెక్కగట్టి చెప్పవచ్చు గానీ, ఒక కర్ర నాటి మీరే చూడండి. అక్కడ మీ అన్నయ్యో చెల్లాయో ఉంటే వాళ్లనూ నాటమనండి.

ఒక మాట పెద్దవాడిగా. కలిపిన ఫోటో వెనక "ఇది కలిపినది" అని, ఎవరు ఎక్కడ ఉన్నప్పటిదో రాసి పెట్టండి. 1982 ఫిబ్రవరిలో నేషనల్ జాగ్రఫిక్ పత్రిక నిలువు అట్ట మీద పట్టడం కోసం ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటర్‌లో దగ్గరికి జరిపింది. సంగతి తెలిశాక పత్రిక చాలా మాటలు పడింది. పిరమిడ్లకు ఏమీ కాలేదు, పత్రిక మాట మీదే అనుమానం వచ్చింది. ఇంట్లో వేడుకకు పిల్లలను కలపడం వేరు. స్నేహితుణ్ణి వాడు వెళ్లని చోట నిలబెట్టి నలుగురికీ పంపడం వేరు. రెండోది చేసేవాళ్లు నాకు ఉత్తరాలు రాయనక్కర్లేదు.

ఈ ఆదివారం అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్ కిందికి దించండి. అందులో ఒక పేజీలో వాళ్లిద్దరూ తామర పువ్వులోనో, కొబ్బరికాయ చిప్పలోనో, చందమామ మీదో కూర్చుని ఉంటారు. అప్పటి ఫోటోగ్రాఫర్లకు అది మహా సరదా. నవ్వడం అయ్యాక భూతద్దం తీసుకుని నాన్న ముక్కు నీడ ఎటు పడిందో, చందమామ మీద నీడ ఎటుందో చూడండి. నాన్న వాచీ ఏ చేతికి ఉందో కూడా చూడండి. కుడి చేతికి ఉంటే, ఆయన పెళ్లినాడు వాచీ ఏ చేతికి పెట్టుకున్నారో అడిగి నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య